పీణ్యాలో రాళ్లు కోసే షాపు: మట్టి, సున్నపు గడ్డల థిన్ సెక్షన్లు చేయించుకునేవాళ్ల కోసం

బెంగళూరులో పాత నేలల మీద పనిచేసేవాళ్లకి థిన్ సెక్షన్లు, అంటే మైక్రోస్కోప్ కింద వెలుతురు దాటేంత పలచగా అరగదీసిన రాతి, మట్టి ముక్కలు, చేయించుకోవడం ఎప్పుడూ ఒక తలనొప్పే. గ్రానైటో బసాల్టో అయితే ఎక్కడిచ్చినా కోసి ఇస్తారు. పిడికిట్లో పట్టుకుంటే రాలిపోయే మట్టిపెళ్లని గాజుపలకకి అతికించి 30 మైక్రాన్ల మందం వచ్చేదాకా అరగదీయమంటే మాత్రం చాలామంది చేతులెత్తేస్తారు. 30 మైక్రాన్లంటే తలవెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. ఆ పని శ్రద్ధగా చేసే షాపు ఒకటి పీణ్యా పారిశ్రామికవాడలో సీఎన్‌సీ వర్క్‌షాపుల మధ్య ఉంది. కొన్నేళ్లుగా నా శాంపిల్స్ అన్నీ అక్కడే ఇస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, మట్టి, సున్నపు గడ్డలు, బూడిద పొరలు లాంటివి మీ దగ్గరుంటే నిశ్చింతగా అక్కడికి వెళ్లండి. తొందర పని ఉంటే మాత్రం వెళ్లకండి.

షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. నడిపేది ఒక్క మనిషి, సాయానికి ఒక కుర్రాడు. ఉన్న పనికే ఆయనకి ఊపిరాడట్లేదు, పేరు వేయొద్దని ఆయనే అడిగారు. ఊళ్లో జియాలజీ చదివే ఏ రీసెర్చ్ స్కాలర్‌ని అడిగినా దారి చెబుతారు.

ఆయనది బేతంచెర్ల. చిన్న వయసులోనే నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో చేరి, తర్వాత బెంగళూరు వచ్చి గ్రానైట్ పనిలో కుదురుకుని, ఎవరో ప్రొఫెసర్ అడిగితే మొదటిసారి థిన్ సెక్షన్ చేశారట. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. నాది అనంతపురం. మొదటిరోజే యాస పట్టేసి "మనోళ్లేనా పాపా" అన్నారు. అప్పటి నుంచి నేను ఆయనకి పాపని, ఆయన నాకు అన్న.

నేను పనిచేసేది నల్లరేగడిలోనూ, దాని కింద ఉండే పాత ఎర్ర నేలల్లోనూ దొరికే సున్నపు గడ్డల మీద. మా వైపు పునాది తవ్వినా, బావి తవ్వినా రెండు మూడు అడుగుల కింద తెల్లగా తగులుతాయి. కందిగింజంతవి ఉంటాయి, కోడిగుడ్డంతవీ ఉంటాయి. వానకి మట్టిలోని కాల్షియం కరిగి కిందికి దిగుతుంది. వేళ్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్ ఆ నీళ్లలోనే కలుస్తుంది. నేల ఆరినప్పుడు ఈ రెండూ కలిసి సున్నపు ఖనిజమైన కాల్సైట్‌గా గట్టిపడతాయి. వాన మరీ ఎక్కువ పడే చోట కాల్షియం కొట్టుకుపోతుంది, గడ్డ కట్టదు. అందుకని పాత నేలలో అక్కడే పుట్టిన గడ్డ కనబడిందంటే, ఆ కాలంలో అక్కడ వాన ఓ మోస్తరుగానే పడేదని, తడి తర్వాత ఎండ వచ్చేదని చెప్పొచ్చు. అనంతపురంలో ఇప్పుడు ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మా నేలల్లో ఈ గడ్డలు ఇప్పటికీ కడుతూనే ఉన్నాయి.

ఆ గడ్డలో ఉన్న కార్బన్ అప్పుడు అక్కడ పెరిగిన మొక్కల నుంచి వచ్చింది. చెట్లు, పొదలు, వరి, వేరుశనగ ఒక పద్ధతిలో గాలి నుంచి కార్బన్ తీసుకుంటాయి, వీటిని సీ3 మొక్కలంటారు. జొన్న, సజ్జ, చెరకు, గరిక లాంటివి ఇంకో పద్ధతిలో తీసుకుంటాయి, అవి సీ4. బరువైన కార్బన్-13 పాలు సీ3 మొక్కల్లో కొలతకి ప్రమాణంగా పెట్టుకున్న పదార్థం కన్నా వెయ్యికి సుమారు 27 తక్కువ (మైనస్ 27), సీ4 మొక్కల్లో సుమారు 13 తక్కువ (మైనస్ 13). నేలలో కాల్సైట్ కట్టేటప్పటికి ఈ లెక్క 14 నుంచి 17 దాకా పైకి జరుగుతుంది. అంటే పూర్తిగా చెట్లున్న చోట కట్టిన గడ్డ మైనస్ 12 దగ్గర చూపిస్తుంది. పూర్తిగా సీ4 గడ్డి ఉన్న చోటుది సున్నా దాటి ప్లస్ 1, ప్లస్ 2 దగ్గర చూపిస్తుంది.

ఇదే లెక్కతో 1989లో భూవిజ్ఞాన శాస్త్రవేత్తలు జే క్వేడ్, థూర్ సెర్లింగ్, జాన్ బౌమన్ పాకిస్తాన్‌లోని పోత్వార్ పీఠభూమిలో శివాలిక్ పొరల (హిమాలయాల నుంచి నదులు తెచ్చిపోసిన పాత మట్టి పొరల) గడ్డల్ని కొలిచారు. సుమారు 80 లక్షల నుంచి 60 లక్షల ఏళ్ల కిందటి మధ్యకాలంలో అంకెలు సీ3 వైపు నుంచి సీ4 వైపు జరిగిపోయాయి. ఒకప్పుడు చెట్లున్న మైదానాల్లో గడ్డి పరుచుకుందన్నమాట. రుతుపవనాలు బలపడటం వల్ల అలా జరిగిందని వాళ్లు మొదట అనుకున్నారు. తర్వాత ఇతర ఖండాల్లోనూ దాదాపు ఆ కాలంలోనే సీ4 గడ్డి పెరిగినట్టు తేలడంతో, గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడం కారణమన్న వాదన వచ్చింది. ఆ చర్చ ఇంకా తెగలేదు. కానీ గడ్డల్లోని అంకెల మార్పు మాత్రం ఎవరూ కాదనలేనిది. నేను ఈ రంగంలోకి వచ్చిందే ఆ గ్రాఫు చూసి.

ఇంత పెద్ద కథ చెప్పే అంకె కోసం, ఐసోటోపుల్ని (ఒకే మూలకంలో బరువు వేరైన రకాల్ని) కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కి కావాల్సింది ఒక మిల్లీగ్రాము కూడా లేని పొడి. ఏ పొడి వేసినా అది అంకె ఇస్తుంది. ఆ పొడి గడ్డలో ఏ మూల నుంచి తీశామో, ఆ మూల ఎప్పుడు కట్టిందో అది చెప్పదు. అది తెలియాలంటే ముందు గడ్డని కోసి, పలచగా అరగదీసి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూడాలి. మా ఫీల్డులో ఐసోటోప్ మెషీన్ల గురించి మాట్లాడుకున్నంతగా కోత గురించి మాట్లాడుకోరు. నా మటుకు నేను కోత బాగా లేని శాంపిల్‌ని మెషీన్ దాకా పంపను. కొందరు ఫండ్స్ లేవని సెక్షన్ల దగ్గరే ఖర్చు కోస్తారు. ఐసోటోప్ టెస్టుల్లో కొన్ని తగ్గించుకుని ఆ డబ్బు సెక్షన్లకి పెట్టమనే నేను చెబుతాను.

ఈ షాపు విలువ నాకు తెలిసింది నంద్యాల వైపు నుంచి తెచ్చిన గడ్డల దగ్గర. ఆ చుట్టుపక్కలంతా నాపరాయి ప్రాంతం. వంద కోట్ల ఏళ్లకి అటూ ఇటుగా, ఎప్పుడో సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి అది. వాగులు దాని ముక్కల్ని మోసుకొచ్చి నేలలో కలిపేస్తాయి. కొన్ని గడ్డలు ఆ ముక్క చుట్టూనే కట్టుకుంటాయి. సముద్రపు సున్నపురాయిలో కార్బన్ అంకె సాధారణంగా సున్నాకి దగ్గరగా, కొంచెం అటూ ఇటుగా ఉంటుంది. అంటే దాదాపు సీ4 గడ్డి దగ్గర కట్టిన గడ్డ అంకెలాగే! నాపరాయి పొడి కాస్త కలిసినా చాలు, చెట్లున్న నేలని గడ్డి బయలని రాసేసే ప్రమాదం ఉంది.

నేను గడ్డల సంచీ ఇచ్చి వచ్చేశాను. సాయంత్రానికి ఫోన్.

"పాపా, నీ ఏడో నంబరు గడ్డ కోసినా. మద్దెలో నాపరాయి ఉండాది. చుట్టూ మాత్రం వేరే మాల్."

"ఎట్లా తెలిసిందన్నా?"

"బ్లేడు కింద సౌండే మారిపోతాది. రంగు సూడు, ఆ బూడిద రంగు మా ఊరిదే. దీన్ని ఎక్కడ సెక్షన్ చెయ్యల్ల? అంచు మీదనా, నడుమనా?"

అంచూ నడుమా రెండూ వచ్చేలా అడ్డంగా తీయమన్నాను. స్లైడు చేతికొచ్చాక మైక్రోస్కోప్ కింద చూస్తే ఆయన చెప్పిందే. మధ్యలో పదునైన అంచులతో, సమంగా అల్లుకున్న స్ఫటికాలతో నాపరాయి ముక్క. దాని చుట్టూ నేలలో కట్టిన కాల్సైట్. ఒక్కో స్ఫటికం నాలుగు మైక్రాన్లు కూడా లేని ముదురు గోధుమరంగు ముద్ద అది. అందులో అక్కడక్కడా విడివిడిగా క్వార్ట్జ్ (పలుగురాయి) రేణువులు, వాటి చుట్టూ సన్నని పగుళ్లు, ఒక పక్కన వేరు వెళ్లిన గుండ్రటి సొరంగం. ఆ పగుళ్లలో మళ్లీ పెద్దపెద్ద తెల్లటి కాల్సైట్ స్ఫటికాలు నిండి ఉన్నాయి. అవి తర్వాతెప్పుడో భూగర్భజలం వచ్చి కట్టినవి. గుడ్డిగా డ్రిల్ చేస్తే మూడు కాలాలవీ కలిసిపోయి ఏ కాలానికీ చెందని అంకె వస్తుంది.

మామూలు షాపులో ఇలా ఫోన్ చేసి అడగరు. నంబరు వేసి, మధ్యలో కోసి, పంపేస్తారు.

ఇక పని ఎలా చేస్తారంటే, ముందు మట్టిపెళ్లల్ని చిన్న ఓవెన్‌లో తక్కువ వేడి మీద రోజుల తరబడి ఆరబెడతారు. వేడి పెంచితే త్వరగా ఆరుతుంది కానీ జిప్సం ఉంటే అందులోని నీరు పోయి అది వేరే ఖనిజంగా మారిపోతుంది. చెరువు నీళ్లు ఇగిరిపోయేటప్పుడు కట్టేది జిప్సం, అప్పుడు ఎండిపోయిన పాత చెరువు కథ చెప్పాల్సిన ఖనిజమే మన చేతులారా పోగొట్టుకున్నట్టు. ఆరిన పెళ్లని ప్లాస్టిక్ కప్పులో పెట్టి, వాక్యూమ్ డబ్బాలో ఉంచి, రాయిలా గట్టిపడే జిగురైన ఎపాక్సీ పోస్తారు. మట్టిలోని గాలి బుడగలుగా పైకి తేలుతుంది. నీలం రంగు కలపమంటే కలుపుతారు, దాంతో మట్టిలోని ఖాళీలన్నీ స్లైడులో నీలంగా కనిపిస్తాయి, ఏది రంధ్రమో ఏది రేణువో వెతుక్కోనక్కర్లేదు. బుడగలు పూర్తిగా ఆగేదాకా ఆయన ఆ డబ్బా ముందు నుంచి కదలరు. కుర్రాడు టీ తెచ్చినా అక్కడే నిలబడి తాగుతారు.

కోత నీళ్లతో కాకుండా నూనెతో. నల్లరేగడిలో ఉండే స్మెక్టైట్ అనే బంకమట్టి ఖనిజం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుని పగులుతుంది. వేసవిలో మా చేలు నెర్రెలు విచ్చేది దానివల్లే. ఇంతకుముందు నేను ఒక ల్యాబ్‌లో చేయించిన సెక్షన్లు నీళ్లతో కోశారు. స్లైడు నిండా పగుళ్లు. అవి పాత నేలలో ఎండకి వచ్చినవో, బ్లేడు కింద నీళ్లకి వచ్చినవో ఎవరూ తేల్చలేరు. అడిగితే "మట్టి కదా మేడమ్, అంతే వస్తుంది" అన్నారు. బిల్లు మాత్రం పూర్తిగా వేశారు.

అరగదీత మొదట మెషీన్ మీద, చివరి దశ చేత్తో. గాజు బల్ల మీద కార్బొరండం అనే అరగదీసే పొడి, ముందు 600 నంబరుది, తర్వాత ఇంకా మెత్తటి 1000 నంబరుది. మందం చూడటానికి ఆయన దగ్గర ఒక పాత పోలరైజింగ్ మైక్రోస్కోప్ ఉంది. రెండు పోలరైజర్ల (వెలుతురుని ఒకే దిశలో ఊగనిచ్చే ఫిల్టర్ల) మధ్య క్వార్ట్జ్ రేణువు నారింజ రంగులో ఉంటే స్లైడు ఇంకా చాలా మందం, పసుపైతే ఇంకొంచెం, బూడిద తెలుపులోకి వచ్చి ఎక్కడో లేత గడ్డిరంగు ఛాయ మిగిలితే 30 మైక్రాన్లకి వచ్చేసినట్టు. జియాలజీ విద్యార్థులందరికీ తెలిసిన కొలతే ఇది. అయితే అసలు క్వార్ట్జే లేని నిఖార్సైన సున్నపు గడ్డ వస్తే? కాల్సైట్ రంగులు ఎప్పుడూ ఈ నారింజ, పసుపు, బూడిద వరుసకి చాలా పైనే ఉంటాయి కాబట్టి వాటితో మందం తెలియదు. దానికి ఆయన ఒక ఉపాయం చేశారు. ఎపాక్సీ పోసేటప్పుడే కప్పు మూలలో చిన్న గ్రానైట్ పలుకు ఒకటి పడేస్తారు. గడ్డతోపాటు అదీ అరుగుతుంది, అందులోని క్వార్ట్జ్ చూసి ఆపుతారు. నా స్లైడ్లన్నిట్లో ఒక మూల ఆ గ్రానైట్ ముక్క ఉంటుంది. మా ల్యాబ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చూసి నా నేలలో గ్రానైట్ ఎక్కడిదని అడుగుతుంటారు.

ఇంకో మెచ్చుకోవాల్సిన సంగతి బాణం గుర్తు. గుంట గోడ నుంచి పెళ్ల తీసేటప్పుడు నేను పైభాగాన్ని మార్క్ చేస్తాను. ఆ గుర్తు ఎపాక్సీలో, కోతలో, అతికింపులో ఎక్కడా తప్పిపోకుండా చివరికి గాజు మీద డైమండ్ పెన్నుతో బాణంగా గీసి ఇస్తారు. చిన్న పనిలా కనిపిస్తుంది కానీ నా సైన్సులో సగం ఆ బాణం మీదే నడుస్తుంది. అనంతపురం జిల్లాలో ఒక పాత ఎర్ర నేల స్లైడులో, రంధ్రాల గోడల అడుగున పొరలు పొరలుగా ఎర్రటి బంకమట్టి పూత ఉంది. బాగా వాన పడి, నీళ్లు బంకమట్టిని మోసుకుని కిందికి దిగితేనే అలాంటి పూత కడుతుంది. ఆ పూత మీద, దాన్ని అక్కడక్కడా చీల్చుకుంటూ, సున్నపు కాల్సైట్ పేరుకుని ఉంది. అంటే ముందు తడి కాలం, తర్వాత పొడి కాలం. ఏది ముందో ఏది వెనకో, ఏది పైనో ఏది కిందో సెక్షనే చెప్పింది. ఆ మట్టినే మెత్తగా నూరి కెమికల్ టెస్టుకిచ్చుంటే అల్యూమినియం ఇంత, కాల్షియం ఇంత అని సరాసరి వచ్చేది, రెండు కాలాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. ఒక్క స్లైడుతో రాయలసీమ వాతావరణ చరిత్ర చెప్పలేను, చెప్పను కూడా. కానీ తర్వాత ఎక్కడ తవ్వాలో, ఏది కొలవాలో నిర్ణయించింది ఆ స్లైడే.

కెమికల్ టెస్టుని తక్కువ చేయడం లేదు. 1982లో నెస్బిట్, యంగ్ ఇచ్చిన వెదరింగ్ సూచిక, అంటే రాయి వానకి, గాలికి ఎంత మారి మట్టయిందో చెప్పే అంకె, నేనూ వాడతాను. కాల్షియం, సోడియం, పొటాషియం వానకి కొట్టుకుపోతాయి, అల్యూమినియం మిగిలిపోతుంది. ఆ మిగిలినదాని పాలు చూస్తే రాయి ఎంత నానిందో తెలుస్తుంది. తాజా గ్రానైట్‌కి సుమారు 50, పూర్తిగా బంకమట్టి ఖనిజమైన కయోలినైట్‌గా మారిపోయిన మట్టికి 100 దగ్గర. బెంగళూరులో పునాదులు తవ్వినప్పుడు నైస్ రాయి మీద కనిపించే ఎర్రమట్టి ఆ దారిలో చాలా దూరం వచ్చేసినదే. అయితే ఆ లెక్కలో సిలికేట్ ఖనిజాల కాల్షియం మాత్రమే వేయాలి. సున్నపు గడ్డల కాల్షియం కలిసిందంటే సూచిక పడిపోయి, బాగా నానిన మట్టి కూడా నానని రాయిలా కనిపిస్తుంది. మట్టిలో సున్నం ఏ రూపంలో ఎంత ఉందో చూడటానికి మళ్లీ సెక్షన్ దగ్గరికే రావాలి.

ఈయన చేతి పనితనం బాగా కనిపించింది జ్వాలాపురం బూడిద దగ్గర. నంద్యాల జిల్లా జుర్రేరు లోయలో, 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చిపడిన బూడిద పొర అది. దాని పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ పెట్రాగ్లియా బృందం ప్రకటించాక ప్రపంచమంతా ఆ ఊరి పేరు విన్నది. ఆ పేలుడు వల్ల మన దేశంలో అడవులు తగ్గి గడ్డి పెరిగిందా, పెద్దగా ఏమీ మారలేదా అన్నది ఇంకా తెగని వాదన. మార్టిన్ విలియమ్స్ బృందం 2009లో మధ్య భారతంలో బూడిదకి పైనా కిందా ఉన్న సున్నపు గడ్డల కార్బన్ కొలిచి, చెట్లు తగ్గాయని చెప్పింది. పెట్రాగ్లియా వైపువాళ్లు ఒప్పుకోలేదు. రెండు పక్షాలూ చూపించేది చివరికి అలాంటి పొరల్ని, అలాంటి గడ్డల్నే.

ఒక ఫ్రెండ్ దగ్గర ఆ బూడిద పెళ్ల ఒకటి ఉంటే సెక్షన్‌కి తీసుకెళ్లాం. ఊదితే లేచిపోయే సరుకు. డబ్బా మూత తీయగానే అన్న ముట్టుకోకుండా వంగి చూసి "ఇది మా పక్కదే" అన్నారు. పెళ్లని డబ్బాలో నుంచి బయటికి తీయనేలేదు. ఆ డబ్బాలోనే అంచు వెంట చుక్కచుక్కగా ఎపాక్సీ వదిలి, అది తనంతట తను పైకి పీల్చుకునేదాకా ఆగి, గట్టిపడ్డాకే కోశారు. స్లైడులో అగ్నిపర్వతపు గాజు పెంకులు విరగకుండా వచ్చాయి. పగిలిన బుడగ గోడల్లా వంపు తిరిగి, మూడు కొమ్మలతో ఉండే పెంకులవి. గాజు కాబట్టి రెండు పోలరైజర్ల మధ్య పూర్తిగా నల్లబడిపోతాయి. ఏ బూడిద ఏ అగ్నిపర్వతానిదో తేల్చేది ఆ గాజులోని రసాయనాలే. నేను అన్నని మైక్రోస్కోప్ దగ్గరికి పిలిచి చూపించాను. చాలాసేపు చూసి, తన ఫోన్ కంటిలెన్స్‌కి ఆనించి ఫోటో తీసుకున్నారు. వాళ్లమ్మాయికి పంపడానికట.

ఐసోటోప్‌ల కోసం చేయించుకునేవాళ్లు ఒక మాట ముందే చెప్పాలి. ఎపాక్సీ కూడా కార్బన్‌తో చేసినదే, అది తాగిన సగంలో నుంచి డ్రిల్ చేయకూడదు. గట్టి గడ్డ అయితే ఆయన ముందు పొడిగానే రెండు సగాలు చేసి, ఒకటి ఎపాక్సీకి, రెండోది విడిగా పేపర్లో చుట్టి ఇస్తారు. రెండు ముఖాల మీదా ఒకే చోట సన్నని గాట్లు పెడతారు. స్లైడులో చూసి చోటు ఎంచుకుని, జంట సగంలో అదే చోట డ్రిల్ చేసుకోవచ్చు. నిదానమైన స్పీడులో డ్రిల్ చేయండి, వేడి పుట్టకూడదు. గడ్డ కట్టినప్పటి నేల ఉష్ణోగ్రత కావాలంటే క్లంప్డ్ ఐసోటోప్ పద్ధతి ఉంది. కాల్సైట్‌లో బరువైన కార్బన్, బరువైన ఆక్సిజన్ రెండూ పక్కపక్కన ఎంత తరచుగా జతకట్టాయో చూస్తారు. చల్లగా ఉంటే ఆ జతలు ఎక్కువ. అప్పటి నీళ్ల ఆక్సిజన్ ఎంతో ముందే ఊహించుకోనక్కర్లేకుండా ఉష్ణోగ్రత వస్తుంది, దీని గొప్పతనం అదే. ఆ పద్ధతికి పునాది వేసిన 2006 పేపర్ మొదటి రచయిత ప్రొసేన్‌జిత్ ఘోష్ తర్వాత మన బెంగళూరు ఐఐఎస్‌సీకే వచ్చారు. కానీ దానికి మామూలు టెస్టు కన్నా చాలా ఎక్కువ పొడి కావాలి, అందుకే జంట సగం విడిగా ఉండటం ఇంకా ముఖ్యం.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటిది ఆలస్యం. చెప్పిన వారానికి పని అయినట్టు నాకు గుర్తు లేదు. వానాకాలంలో ఎపాక్సీ సరిగా గట్టిపడదు, జూన్ తర్వాత ఇస్తే ఓపిక పట్టాల్సిందే. థీసిస్ గడువు నెత్తి మీదున్నవాళ్లకి ఇది చాలా టెన్షన్. ఫోన్ చేస్తే ఎత్తుతారు, "అయితాంది పాపా" అంటారు. అబద్ధం చెప్పరు, నిజంగానే అవుతూ ఉంటుంది, కానీ ఎప్పటికవుతుందో చెప్పరు.

రెండోది బిల్లు. చేత్తో రాసిన రశీదు ఇస్తారు. జీఎస్టీ బిల్లు కావాలంటే అకౌంటెంట్ వచ్చే రోజు దాకా ఆగాలి. మూడు కొటేషన్లు అడిగే సంస్థల్లో పనిచేసేవాళ్లు ముందే వాళ్ల ఆఫీసులో మాట్లాడుకోవడం మంచిది. రేటు మామూలు సెక్షన్‌కి ఊళ్లో అందరిలాగే, ఎపాక్సీ ఎక్కించాల్సిన మట్టికి దాదాపు రెట్టింపు. నాకది న్యాయంగానే అనిపిస్తుంది, ఆ రెట్టింపు పని కళ్లారా చూశాను కాబట్టి.

పాలిష్ విషయంలో మాత్రం రాజీ పడాలి. మైక్రోస్కోప్‌కి చాలినంత చేస్తారు. ఎలక్ట్రాన్ ప్రోబ్‌కి కావాల్సినంత అద్దంలాంటి పాలిష్ అక్కడ రాదు, సన్నని గీతలు మిగిలిపోతాయి. జిర్కాన్, గార్నెట్ లాంటివాటి లోపలి రసాయనం చూసేవాళ్లు వేరే చోట చేయించుకోండి. అలిజరిన్ రెడ్ రంగు వేయడం కూడా ఆయన చేయరు. కాల్సైట్ ఎర్రబడి డోలమైట్ తెల్లగా మిగిలే ఆ పరీక్ష మీ ల్యాబ్‌లోనే చేసుకోవాలి. అందుకు స్లైడు మీద కవర్‌స్లిప్ వేయొద్దని ముందే చెప్పండి, లేదంటే అలవాటు కొద్దీ వేసేస్తారు.

ప్యాకింగ్ గురించి ఎన్నిసార్లు చెప్పినా మారలేదు. పేపర్లో చుట్టి మిఠాయి డబ్బాలో పెట్టి ఇస్తారు. నాది ఒక్కటీ పగల్లేదు కానీ స్లైడు బాక్సు మీరే తీసుకెళ్లండి. మీ నంబరు పక్కన ఆయన సొంత నంబరు ఒకటి వేసుకుంటారు. నోట్‌బుక్‌లో రెండూ రాసుకోండి, ఏడాది తర్వాత జంట సగం కావాలని అడిగితే ఆయన వెతికేది తన నంబరుతోనే.

కొత్తగా వెళ్లేవాళ్లు ఫోన్ చేసి మధ్యాహ్నం తర్వాత వెళ్లండి, పొద్దున పూటంతా కోత శబ్దంలో ఏమీ వినబడదు. శాంపిల్‌తోపాటు ఆ పెళ్ల ఏ నేలదో, ఎంత లోతుదో, మీకు అందులో ఏం కనబడాలో ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. తెలుగులో రాసినా, కన్నడలో రాసినా చదువుతారు. చీటీ ఉన్న శాంపిల్‌ని ఆయన చూసే తీరే వేరు. నవరాత్రుల్లో ఆయుధపూజ అవగానే షాపు మూసి ఊరికెళ్తారు, దీపావళి దాటాకే వస్తారు. ఈ ఏడు చేయించుకోవాలంటే వానలు పట్టకముందే ఇచ్చేయండి.